బక్క కూనకు పాలకన్నా ముందు వెచ్చదనం

ఒకే ఈతలో పుట్టిన పిల్లికూనలు రెండు. ఒకటి బొద్దుగా పెరుగుతోంది, రెండోది బక్కచిక్కి ఉంది. బలమైనది పాలన్నీ తాగేస్తోంది కదా, బక్కదాన్ని వేరే పెట్టెలో పెట్టి సిరంజితో పాలు పడితే కోలుకుంటుందా? పిల్లులను పెంచే ఇళ్లలో తరచూ వచ్చే ప్రశ్న ఇది. పాలు పట్టాల్సి రావచ్చు. వేరే పెట్టె మాత్రం వద్దు.

ఎందుకో చెప్పడానికి తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకం చాలు. గోళం ఉపరితల వైశాల్యం వ్యాసార్ధం వర్గాన్ని బట్టి, ఘనపరిమాణం వ్యాసార్ధం ఘనాన్ని బట్టి పెరుగుతాయని అందరం బట్టీపట్టాం. వేడి బయటికి పోయేది ఉపరితలం నుంచే, చిన్నదానికి బరువుతో పోలిస్తే ఆ ఉపరితలం ఎక్కువ. గంగాళంలో నీళ్లు చాలాసేపు వేడిగా ఉండి, అందులోంచి ముంచిన చెంబెడు నీళ్లు కాసేపటికే చల్లారడానికి కారణం ఆ సూత్రమేనని క్లాసులో ఒక్కసారి చూపిస్తే జన్మలో మరచిపోరు.

ఆ లెక్కను కూనల మీద వేద్దాం. బలమైనది 120 గ్రాములు, బక్కది 70 అనుకోండి. ముడుచుకుని పడుకున్న కూనను గోళంగా, దాని సాంద్రతను నీటి సాంద్రతగా తీసుకుంటే పెద్దదాని ఉపరితలం దాదాపు 118 చదరపు సెంటీమీటర్లు, చిన్నదానిది 82. అంటే పెద్దదానికి గ్రాముకు 0.98, చిన్నదానికి 1.17. బక్కది ఒంటి బరువులో ప్రతి గ్రాముకూ 20 శాతం ఎక్కువ చర్మాన్ని చలికి అప్పగిస్తోంది. ఇప్పుడు రెండింటినీ కలిపి ఒకే ముద్ద చేయండి. 190 గ్రాముల ముద్ద ఉపరితలం 160. విడివిడిగా అయితే 200. గ్రాముకు లెక్కేస్తే 0.84 దగ్గరికి దిగింది. నిజం కూనలు గోళాలు కావు, ఒకదానిలో ఒకటి కలిసిపోవు కాబట్టి ఆదా ఇంత పూర్తిగా దక్కదు. కానీ హత్తుకుని పడుకున్న ప్రతిసారీ కొంత దక్కుతుంది, అందులో ఎక్కువ లాభం బక్కదానికే. చన్ను దగ్గర పోటీకొచ్చే తోబుట్టువే పడక మీద దానికి కుంపటి. వేరే పెట్టెలో పెట్టడమంటే ఆ కుంపటిని ఆర్పేయడమే.

ఈ వేడి గొడవ ఇంత పెద్దది కావడానికి కారణం, మొదటి వారంలో కూనకు వణకడం కూడా చేతకాదు. అప్పుడు దాని ఒంటి వేడి 35 నుంచి 37 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. పెద్ద పిల్లికి 38, 39. కూన ఒళ్లు 35 కంటే చల్లబడుతున్న కొద్దీ పేగుల కదలిక మందగిస్తుంది, చప్పరించే బలం పోతుంది. తాగిన పాలు కడుపులోనే నిలిచిపోయి పొట్ట ఉబ్బుతుంది, వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు అరగక రక్తంలో చక్కెర పడిపోతుంది. చిన్న కాలేయంలో నిల్వ కొంచెమే, అదీ త్వరగా అయిపోతుంది. చక్కెర లేక ఒళ్లు మరింత చల్లబడుతుంది. చల్లబడిన కూనను తల్లి చాలాసార్లు పక్కకు నెట్టేస్తుంది. "మనిషి చెయ్యి తగిలింది, అందుకే వదిలేసింది" అని నింద మన మీద పడుతుంది. ఇంట్లో మచ్చికైన పిల్లి చెయ్యి తగిలినంత మాత్రాన పిల్లల్ని వదలదు. ఆ నమ్మకానికి భయపడి బరువు తూచకుండా ఊరుకోవడం వల్లే ఎక్కువ నష్టం.

కాబట్టి చల్లగా ఉన్న కూనకు పాలు పట్టకండి. నోట్లో వేలికొస పెట్టి చూస్తే చల్లదనం తెలిసిపోతుంది. ముందు వెచ్చబెట్టాలి, అదీ గంట నుంచి మూడు గంటలు తీసుకుని మెల్లగా. గోరువెచ్చని నీళ్లు పోసిన సీసాకు పాత నూలు చీర ముక్క రెండు మడతలు చుట్టి, పెట్టెలో ఒక పక్కనే పెట్టండి. రెండో పక్క చల్లగా ఉంటే వేడెక్కువైనప్పుడు కూనలు జరుగుతాయి. ఇక్కడే చాలామంది పొరపడతారు: సీసా చల్లారాక కూడా అలాగే వదిలేస్తారు. కూన ఒంటికంటే చల్లబడిన సీసా వేడిని ఇవ్వకపోగా దాని నుంచే లాగుతుంది. గంటకోసారి చేత్తో తడిమి నీళ్లు మార్చాలి. కూనలున్న చోట మొదటి వారం 30 నుంచి 32 డిగ్రీలు ఉంటే చాలు. మే నెలలో మన ఊళ్లలో సీసా అక్కర్లేదు, ఎండ తగలని గాలాడే మూల చూడండి. మరీ నీరసించి వేలాడిపోతున్న కూనకు గ్లూకోజ్ నీళ్లు ఒకటి రెండు చుక్కలు చిగుళ్లకు రాసి పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి. గొంతులో పోయకూడదు.

ఒళ్లు వెచ్చబడ్డాక పాల సంగతి. కళ్లు తెరవకముందే కూనలు వాసన పట్టి తమ చన్నును గుర్తుపెట్టుకుంటాయి. తల్లికి సాధారణంగా ఎనిమిది చన్నులుంటాయి, ఇద్దరికి చన్నుల కరువేం లేదు. బక్కది ఎక్కువసేపు లాగలేదు, మధ్యలో నెట్టించుకుంటుంది. అందుకని బలమైనదాన్ని 15, 20 నిమిషాలు వెచ్చని గుడ్డలో పక్కన పెట్టి, బక్కదాన్ని పాలు నిండిన చన్నుకు పట్టించండి. తర్వాత రెండింటినీ మళ్లీ కలిపేయండి.

అది సరిపోతోందా లేదా చెప్పేది వంటింటి డిజిటల్ త్రాసు. రోజూ ఒకే వేళకు, పాలకు ముందు, గ్రాముల్లో తూచి రాసుకోండి. రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. ఒక రోజంతా పెరగకపోతే పైపాలు మొదలుపెట్టాలి, తగ్గితే వైద్యుడికి చూపించాలి. గుర్తు కోసం మెడకు దారం కట్టొద్దు, ఉరి పడుతుంది. వీపు మీద కాస్త బొచ్చు కత్తిరిస్తే చాలు.

పైపాలు అంటే పిల్లికూనల పాలపొడి, ఆవుపాలు కాదు. పిల్లిపాలలో కొవ్వు సుమారు 8 శాతం, మాంసకృత్తులు 7 శాతం ఉంటాయి. ఆవుపాలలో రెండూ దాదాపు సగం. పాలచక్కెర మాత్రం ఆవుపాలలోనే కాస్త ఎక్కువ. అదే శక్తి రావాలంటే కూన రెట్టింపు పాలచక్కెర మింగాలి, విరేచనాలు పట్టుకుంటాయి. వంద గ్రాముల బరువుకు రోజుకు 20 నుంచి 25 కిలోకేలరీలు కావాలి. మిల్లీలీటరుకు ఒక కిలోకేలరీ వచ్చే పాలైతే 70 గ్రాముల కూనకు రోజుకు 15 మిల్లీలీటర్లు, మూడు గంటలకోసారి రెండేసి చొప్పున. తల్లి దగ్గర కూడా తాగుతుంటే అందులో సగంతో మొదలుపెట్టి త్రాసు చెప్పినట్టు నడవండి. దాని పొట్టలో ఒక్కసారికి మూడు మిల్లీలీటర్లకు మించి హాయిగా పట్టవు. ఒక మిల్లీలీటరు సిరంజితో, బోర్లా పడుకోబెట్టి తల కొంచెం ఎత్తి, చుక్కచుక్కగా చప్పరించనివ్వాలి. పసిబిడ్డలా వెల్లకిలా పట్టుకుంటే పాలు ఊపిరితిత్తుల్లోకి జారతాయి. ముక్కులోంచి పాలు వస్తే వెంటనే ఆపండి. ప్రతిసారీ అలాగే వస్తుంటే అంగిలి చీలి ఉందేమో చూపించుకోవాలి.

పాలు సరిపోతున్నా బరువు పెరగకపోతే బొచ్చు పాయలు తీసి చూడండి. చిగుళ్లు తెల్లగా పాలిపోయి, బొచ్చులో గోమార్లు కనిపిస్తే అవి రక్తం తాగేస్తున్నాయేమో. సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, దువ్వెనకు వచ్చిన గోమార్లను సబ్బునీళ్లలో ముంచి చంపాలి. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందు పొరపాటున కూడా చల్లొద్దు, పిల్లులకు అది విషం. తల్లిపాల ద్వారా ఏలికపాములు కూడా వస్తాయి కాబట్టి రెండో వారం నుంచి నులిపురుగుల మందు మొదలుపెడతారు. మోతాదు బరువును బట్టే కాబట్టి త్రాసు లెక్క రాసిన కాగితం వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

మూడు, నాలుగు వారాల్లో తల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పడం మొదలుపెడుతుంది. ఆ రోజుల్లో కూనల్ని లెక్కపెట్టుకోండి. బక్కది పాతచోటే మిగిలిపోతే తీసుకెళ్లి తోబుట్టువు పక్కన పడుకోబెట్టండి. నాలుగో వారంలో మెత్తని తిండి పెట్టేటప్పుడు మాత్రం రెండు పళ్లేలు, రెండు మూలల్లో. బక్కది తన పళ్లెం ఖాళీ చేసేదాకా దగ్గరే కూర్చోండి.