చమురు వాటా ఉంటేనే ఓటు: ఓసేజ్ తెగ వందేళ్ల చిక్కుముడి

అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలోని పహస్కా పట్టణం ఓసేజ్ అనే ఆదివాసీ తెగ సొంత ప్రభుత్వమైన ఓసేజ్ నేషన్‌కు రాజధాని. ఈ నేషన్‌లో రెండు వేర్వేరు ఎన్నికలు జరుగుతాయి. మొదటిదాంట్లో పద్దెనిమిదేళ్లు నిండిన పౌరులందరికీ తలా ఒక ఓటు ఉంటుంది. ప్రిన్సిపల్ చీఫ్, అసిస్టెంట్ చీఫ్, 12 మంది ఓసేజ్ కాంగ్రెస్ సభ్యులు ఆ ఓట్లతో గెలుస్తారు. రెండోది 8 మంది సభ్యుల మినరల్స్ కౌన్సిల్ ఎన్నిక. అందులో చమురు వాటా ఉన్న ఓసేజ్‌లే ఓటేస్తారు. పైగా వాటా ఎంతో ఓటు విలువా అంతే. ఒకే ఇంట్లో తల్లికి ఓటుండి కొడుకుకు లేకపోవడం, అక్క ఓటు తమ్ముడి ఓటుకన్నా బరువైనది కావడం ఇక్కడ మామూలే.

2006 దాకా, 1990లలో కొద్దికాలం తప్ప, ఆ రెండో రకం ఎన్నిక ఒక్కటే ఉండేది. వాటా లేనివారికి తమ తెగ పాలనలో మాటే లేదు. ఇప్పుడు ఓసేజ్‌లు నడుపుకుంటున్న బడి, ఆరోగ్య కేంద్రం, భాషా విభాగం ఈ రెండు ఎన్నికలనూ విడదీసుకోబట్టి నిలదొక్కుకున్నవే. ఆ ముడి ఎలా పడిందో తెలియకపోతే ఇవాళ్టి ఓసేజ్ రాజకీయం అర్థం కాదు.

కథ కాన్సస్‌లో మొదలవుతుంది. 1808 నుంచి వరుస ఒప్పందాలతో మిస్సోరీ, అర్కాన్సా ప్రాంతాల భూములు పోగొట్టుకున్న ఓసేజ్‌లు చివరికి దక్షిణ కాన్సస్‌లో ఒక పట్టీకి పరిమితమయ్యారు. అంతర్యుద్ధం తర్వాత తెల్ల వలసదారులు దాన్నీ ఆక్రమించసాగారు. 80 లక్షల ఎకరాలను ఎకరా 20 సెంట్ల లెక్కన రైల్వే కంపెనీకి కట్టబెట్టే ఒప్పందం 1868లో తయారైంది గానీ సెనేట్ దాన్ని ఆమోదించలేదు. చివరికి 1870 చట్టం ప్రకారం ఆ భూమి ఎకరా 1.25 డాలర్లకు అమ్ముడైంది. ఆ సొమ్ముతోనే ఓసేజ్‌లు చెరోకీల దగ్గర నుంచి ఇప్పటి ఓసేజ్ కౌంటీ భూమిని కొనుక్కున్నారు. దాదాపు 14 లక్షల 70 వేల ఎకరాలు. గుట్టలు, రాళ్లు, పొడవాటి గడ్డి. నాగలి దిగని నేల కాబట్టి తెల్ల రైతులు ఆశపడరని పెద్దలు లెక్కేసుకున్నారు. ప్రభుత్వం దయతో ఇచ్చిన రిజర్వేషన్ (తెగకు కేటాయించిన ప్రాంతం) కాదిది, డబ్బు పోసి కొన్న నేల. తర్వాతి ప్రతి వాదనలోనూ ఓసేజ్‌లు ఈ మాట ఎత్తుతారు, ఎత్తాలి కూడా.

1881లో వాళ్లు సొంత రాజ్యాంగం రాసుకున్నారు. 1900లో అమెరికా అంతర్గత వ్యవహారాల శాఖ ఆ ప్రభుత్వాన్ని రద్దు చేసింది. అప్పటికే 1896లో రిజర్వేషన్ మొత్తాన్నీ ఫాస్టర్ కుటుంబానికి చమురు లీజుకు ఇచ్చేశారు. తెగకు దక్కేది పదో వంతు రాయల్టీ. మరుసటి ఏడాదే మొదటి బావిలో చమురు పడింది.

భూమిని ముక్కలు చేసి తలా ఇంత పంచి తెగను రద్దు చేయాలన్న కేంద్రం ఒత్తిడిని ఓసేజ్‌లు మిగతా తెగలకన్నా ఎక్కువ కాలం ఆపగలిగారు. ఆ పట్టుదల వెనక ఉన్న పెద్ద పేరు చీఫ్ జేమ్స్ బిగ్‌హార్ట్. చివరికి 1906 జూన్ 28న అలాట్‌మెంట్ చట్టం వచ్చింది. 1907 జులై 1 దాకా పుట్టినవారిని చేర్చి 2,229 మందితో జాబితా కట్టారు. మొదట మూడు విడతల్లో ఒక్కొక్కరూ 160 ఎకరాల చొప్పున ఎంచుకున్నారు. మిగిలిందీ సమానంగా పంచాక తలకు దాదాపు 657 ఎకరాలు వచ్చింది. చట్టంలోని అసలు షరతు వేరే ఉంది. పైన నేల మనిషిది, కింద ఖనిజం తెగది. నేల అమ్ముడుపోయినా భూగర్భం ఉమ్మడిగానే ఉంటుంది, అమెరికా ప్రభుత్వం దానికి ట్రస్టీగా ఉంటుంది. ఆ ఉమ్మడి ఆదాయంలో 2,229వ వంతు హక్కునే హెడ్‌రైట్ అంటారు. మొదట 25 ఏళ్లకని పెట్టిన ఈ ఏర్పాటును పొడిగిస్తూ పోయి 1978లో శాశ్వతం చేశారు.

ఖనిజాన్ని కాపాడిన చట్టమే పౌరసత్వాన్ని దెబ్బతీసింది. తెగ అంటే ఆ జాబితాయే అయిపోయింది. గడువు దాటి మర్నాడు పుట్టిన బిడ్డకు భూమీ లేదు, వాటా లేదు. ఎవరైనా పోతేనే వారసత్వంగా ఏదైనా రావాలి.

ఫాస్టర్ లీజు గడువు 1916లో ముగిసింది. పహస్కాలో ఒక ఎల్మ్ చెట్టు కింద 160 ఎకరాల ముక్కలుగా జరిగిన లీజు వేలాలు అప్పటికే పేరుమోశాయి. 1922లో ఒక్క ముక్కకే పది లక్షల డాలర్లు దాటింది. దాంతో దానికి ‘మిలియన్ డాలర్ ఎల్మ్’ అన్న పేరొచ్చింది. 1925లో ఒక్కో హెడ్‌రైట్‌కు 13 వేల డాలర్లకు పైగా ముట్టింది.

ఆ డబ్బు వాళ్ల చేతికి సరిగా అందలేదు. 1921 చట్టం ప్రకారం ‘సమర్థత పత్రం’ (తన ఆస్తి తానే చూసుకోగలరని ప్రభుత్వం ఇచ్చే కాగితం) లేని ఓసేజ్‌కు మూడు నెలలకు వెయ్యి డాలర్లకు మించి ఇవ్వకూడదు. మిగతాది కోర్టు నియమించిన సంరక్షకుడి అదుపులో ఉండేది. ఆ సంరక్షకులు దాదాపుగా స్థానిక తెల్ల వ్యాపారులు, లాయర్లు. మామూలుగా అమ్మడానికి వీల్లేని హెడ్‌రైట్‌ను చేజిక్కించుకోవడానికి దగ్గరి దారి పెళ్లి, దాని తర్వాత చావు. 1921లో ఆనా బ్రౌన్ అనే ఓసేజ్ మహిళను కాల్చి చంపారు. 1923 మార్చిలో ఆమె చెల్లెలు రీటా, రీటా భర్త బిల్ స్మిత్ నిద్రపోతున్న ఇంటిని పేల్చేశారు. తోడబుట్టినవాళ్ల వాటాలన్నీ చివరికి వాళ్ల సోదరి మాలీ బర్క్‌హార్ట్ దగ్గరికి చేరేలా వరస నడిచింది. ఆమె భర్త మేనమామ విలియం హేల్ దీనికి సూత్రధారి. హత్యకు గురైన మరో ఓసేజ్ హెన్రీ రోన్ శవం దొరికిన చోటు అలాట్‌మెంట్ భూమి కావడంతో ఆ హత్య కేసు ఫెడరల్ కోర్టుకు వెళ్లింది. అది రాష్ట్ర కోర్టుకు మాత్రమే పరిమితమై ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. 1929లో హేల్‌కు యావజ్జీవం పడింది, 1947లో పెరోల్‌పై బయటికొచ్చాడు. 1925లోనే అమెరికా కాంగ్రెస్ కొత్త చట్టం చేసింది. సగం లేదా అంతకన్నా ఎక్కువ ఓసేజ్ రక్తం ఉన్నవారి హెడ్‌రైట్ ఓసేజ్ కాని వారసులకు పోకుండా ఆపింది. అప్పటికే పోయినవి మాత్రం తిరిగి రాలేదు. ఇవాళ్టికీ దాదాపు నాలుగో వంతు వాటాలు చర్చిలు, విశ్వవిద్యాలయాలు, కంపెనీలు, ఓసేజ్ కాని కుటుంబాల చేతుల్లో ఉన్నాయి.

మిగిలిన వాటాలు ఎలా చీలికలైపోయాయో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక పూర్తి హెడ్‌రైట్ ఉన్న తాత పోతే నలుగురు పిల్లలకు తలా పావు. అందులో ఒకరికి ముగ్గురు పిల్లలుంటే తలా పన్నెండో వంతు. ఆ ముగ్గురిలో ఒకరికి ఐదుగురైతే తలా అరవయ్యో వంతు. పూర్తి హెడ్‌రైట్‌కు మూడు నెలలకు 3,000 డాలర్లు వచ్చిందనుకుంటే అరవయ్యో వంతు మనిషికి చేరేది 50 డాలర్లు. అదే సమయంలో పిల్లలు లేని ముగ్గురు మేనత్తల వాటాలు కలిసొచ్చినవారికి రెండు మూడు పూర్తి హెడ్‌రైట్‌లు ఉండొచ్చు. తాత ముత్తాతలు బతికుండగానే పుట్టి పెరిగిన తరానికి అసలేమీ ఉండదు. ఓటూ దీని వెంటే నడిచింది. డెబ్బై ఏళ్ల తల్లి బతికున్నంతకాలం యాభై ఏళ్ల కొడుకు తన తెగలో ఓటరు కాలేకపోయాడు.

ఈ అన్యాయం మీద 1990లలో కోర్టుకెళ్లారు. కోర్టు పర్యవేక్షణలో 1994లో కొత్త రాజ్యాంగం, జాతీయ మండలి వచ్చాయి. 1997లో అప్పీళ్ల కోర్టు వాటిని కొట్టేసింది. 1906 చట్టాన్ని మార్చాల్సింది అమెరికా కాంగ్రెసే తప్ప కోర్టు కాదన్నది దాని సారాంశం. దాంతో దారి వాషింగ్టన్‌కు మళ్లింది. సభ్యులెవరో, ప్రభుత్వం ఎలా ఉండాలో నిర్ణయించుకునే హక్కు ఓసేజ్‌లదేనని ధ్రువీకరించే చట్టం 2004 డిసెంబరులో వచ్చింది. 2006 మార్చిలో మూడింట రెండొంతుల మంది అవునన్నాక రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. దాని కింద మొదటి ప్రిన్సిపల్ చీఫ్ జిమ్ గ్రే. తెగ పూర్వపు వ్యవస్థలో ఆకాశం వారు, భూమి వారు అని రెండు పక్షాలుండేవి. కొత్త ఓసేజ్ కాంగ్రెస్ సమావేశాలకు ఆ పేర్లే పెట్టుకున్నారు: వసంతంలో హుంకా (భూమి వారు), శరత్తులో త్సిజో (ఆకాశం వారు).

ఇప్పుడు సభ్యత్వానికి వాటాతో పనిలేదు, ఎంత శాతం రక్తం అన్న కనీస హద్దూ లేదు. 1906 జాబితాలోని ఒకరి నేరు సంతతి అయితే చాలు. దరఖాస్తులో ఆ పేరు నుంచి తన దాకా ఒక్కో తరానికీ పుట్టుక పత్రం చూపాలి. ఆసుపత్రి ఇచ్చే జ్ఞాపికలాంటి కాగితం చెల్లదు, రాష్ట్రం ధ్రువీకరించినదే కావాలి. తండ్రి వైపు నుంచి సంతతి చూపేవారి పుట్టుక పత్రంలో తండ్రి పేరు లేకపోతే గొలుసు అక్కడే తెగుతుంది, పితృత్వానికి విడిగా ఆధారం కావాలి. దత్తత, పెళ్లి తర్వాత పేరు మార్పు కూడా ఇలాగే అడ్డం పడతాయి. పౌరుల సంఖ్య పాతిక వేల దాకా పెరిగింది, వారిలో చాలామంది ఓక్లహోమా బయట ఉంటారు.

సేవలకు డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందన్నదీ ఇక్కడే తేలాలి. చమురు ఆదాయం వాటాదారుల సొంతం. అందులోంచి ప్రభుత్వం బడి కట్టలేదు. నేషన్ ఖజానాకు ఆధారం ట్రస్టు భూముల మీద నడిచే కేసినోలు, ఫెడరల్ గ్రాంట్లు. కేసినో లాభాలను ఓసేజ్ కాంగ్రెస్ బడ్జెట్‌గా పంచుతుంది: చదువులకు స్కాలర్‌షిప్పులు, వైద్య సాయం, పెద్దల సంరక్షణ, భాష. 2015లో పహస్కాలోని ఆరోగ్య కేంద్రాన్ని ఆదివాసుల వైద్యం చూసే ఫెడరల్ విభాగం ఇండియన్ హెల్త్ సర్వీస్ నుంచి నేషన్ తన చేతికి తీసుకుంది. అదే ఏడాది ఓసేజ్ భాష నేర్పే బడి డపోస్కా అంకోడాపి మొదలైంది. 2016లో 43 వేల ఎకరాల బ్లూస్టెమ్ పశుక్షేత్రాన్ని టెడ్ టర్నర్ దగ్గర కొన్నారు. ఒకప్పుడు తమదే అయిన నేలను మళ్లీ 74 మిలియన్ డాలర్లు పోసి కొనుక్కోవడమది. కొవిడ్ కాలంలో దుకాణాల్లో మాంసం కొరత రావడం చూశాక హోమినీలో సొంత మాంసం శుద్ధి కేంద్రం పెట్టారు.

భాష విషయంలో ఆలస్యం తీరనిది. చిన్ననాటి నుంచి ఓసేజ్‌లోనే మాట్లాడుతూ పెరిగిన చివరి వ్యక్తి లుసీల్ రూబిడో 2005లో కన్నుమూశారు. ఇంగ్లిష్ అక్షరాలతో రాస్తే నేర్చుకునేవారు ఇంగ్లిష్ పలుకుబడిలోకి జారిపోతున్నారు. ఊపిరి ముందొచ్చే హల్లు, వెనకొచ్చే హల్లు, గొంతు బిగించి పలికేది, అన్నీ ఒకే ‘పి’ అయిపోతున్నాయి. అందుకే 2006లో హెర్మన్ మోంగ్రెయిన్ లుకౌట్ ఓసేజ్‌కు ప్రత్యేక లిపి తయారుచేశారు. మొదట్లో అది సొంత ఫాంటుతోనే నడిచింది. అను ఫాంటులో కొట్టిన పేజీని ఇంకో కంప్యూటర్‌లో తెరిచినప్పుడు కనబడే పిచ్చి అక్షరాలు గుర్తున్నవారికి ఆ ఇబ్బంది చెప్పక్కర్లేదు. 2016లో యూనికోడ్ 9.0లో 72 అక్షరాలతో ఓసేజ్ లిపి చేరాకే ఫోన్‌లో మెసేజ్ పంపడం, బోర్డు మీద పేరు అచ్చు వేయడం తేలికయ్యాయి.

1906 చట్టంలో జనం అంతగా పట్టించుకోని క్లాజు ఒకటుంది. పహస్కా, హోమినీ, గ్రేహార్స్ దగ్గర 160 ఎకరాల చొప్పున మూడు ఊళ్లను పంచకుండా ఓసేజ్‌ల నివాసానికి అట్టే పెట్టారు. ఖనిజం ఎవరు లెక్కలోకి వస్తారో తేల్చితే, ఈ మూడు ఊళ్లు సంస్కృతిని నిలబెట్టాయి. 1880లలో కా, పాంకా తెగల నుంచి వచ్చిన డోలు చుట్టూ జరిగే ఇలోన్ష్కా నృత్యాలు ప్రతి జూన్‌లో ఈ మూడు ఊళ్లలోనే, ఒక్కో ఊరికి ఒక్కో వారాంతం, గురువారం నుంచి ఆదివారం దాకా జరుగుతాయి. ఇక్కడ వాటా లెక్క పనికిరాదు. డోలును కాపాడే బాధ్యత ఒక ఇంటి పెద్దకొడుకుది, చాలాసార్లు అతను చిన్న పిల్లవాడే. కాబట్టి బరువంతా కుటుంబం మోస్తుంది. కమిటీని ఎంచుకోవాలి, పాటగాళ్లను పిలవాలి, ప్రధాన వంటమనిషిని కుదుర్చుకోవాలి, నాలుగు రోజులు వచ్చినవారందరికీ భోజనం పెట్టాలి. పొడవాటి బల్లల మీద మాంసం కూర, ఫ్రైబ్రెడ్ (నూనెలో వేయించిన రొట్టె), ద్రాక్షరసంలో ఉడికించిన పిండి ఉండలు, ఎండబెట్టి దాచిన తామర దుంపలు వడ్డిస్తారు. డోలు కొత్త ఇంటికి మారినప్పుడు ఆ కుటుంబం ‘డోలుకు చెల్లింపు’ జరుపుతుంది. అందులో ఒకప్పటి సైనికాధికారుల కోటును పోలిన పెళ్లికూతురి కోట్లు తొడిగి ఊరేగిస్తారు.

ఆ బట్టల మీద రిబ్బన్ పని దగ్గరగా చూస్తే గానీ తెలియదు. సిల్కు రిబ్బన్లను ఒకదానిపై ఒకటి పరిచి, పైదాన్ని గీత ప్రకారం కత్తిరిస్తూ అంచును లోపలికి మడిచి సన్నటి కుట్లు వేస్తారు. కింది రంగు అంచు వెంట గీతలా తొంగిచూస్తుంది. ఎడమ, కుడి రెండు వైపులూ అద్దంలోలా సరిపోవాలి. మడత ఒక నూలుపోగు మందం తప్పినా మూల దగ్గర సిల్కు పీచులేచిపోతుంది, ఆ ముక్క మొత్తం మళ్లీ చేయాల్సిందే.

ముడి పూర్తిగా మాత్రం విడిపోలేదు. ట్రస్టు సొమ్మును సరిగా చూడలేదన్న కేసులో 2011లో అమెరికా ప్రభుత్వం 380 మిలియన్ డాలర్లకు రాజీపడింది. ఆ డబ్బు హెడ్‌రైట్‌ల ప్రకారమే పంచారు. 2010లో పదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 1906 చట్టంతోనే ఓసేజ్ రిజర్వేషన్ రద్దయిపోయిందని తీర్పు చెప్పింది. అక్కడ నివసిస్తూ పనిచేసే సభ్యుడు రాష్ట్రానికి ఆదాయ పన్ను కట్టక తప్పదన్నది దాని ఆచరణ ఫలితం. ఆ చట్టంలో రద్దు అన్న మాటే లేదని ఓసేజ్‌లు ఇప్పటికీ వాదిస్తున్నారు.

ఇంకో వైపు భూగర్భ హక్కు మీద వారికి పెద్ద గెలుపే దక్కింది. 84 గాలిమరల కోసం ఒక కంపెనీ నేల యజమానుల దగ్గర 8,400 ఎకరాలు లీజుకు తీసుకుంది, మినరల్స్ కౌన్సిల్‌ను మాత్రం అడగలేదు. పునాదికి పది అడుగుల లోతు, అరవై అడుగుల దాకా వెడల్పు గుంటలు తవ్వి, బయటపడ్డ బండను పిండి చేసి దాన్నే మళ్లీ ఆధారంగా నింపింది. బండను పక్కకు తీసిపడేస్తే అది గనితవ్వకం కాదు, పిండి చేసి నిర్మాణానికి వాడుకుంటే మాత్రం గనితవ్వకమే, దానికి లీజు తప్పనిసరి అని 2017లో పదో సర్క్యూట్ తేల్చింది. 2023 డిసెంబరులో గాలిమరలన్నీ తీసేయాలని జిల్లా కోర్టు ఆదేశించింది. 1906లో బిగ్‌హార్ట్ తరం అట్టేపెట్టిన భూగర్భ హక్కే వందేళ్ల తర్వాత ఆ గుంటల్లోని రాళ్లకూ వర్తించింది.