అమ్మకు పడని రొయ్య బిడ్డకు పడుతుందా?

"నాకు రొయ్యలు పడవు. ఇప్పుడు ఐదో నెల. పుట్టబోయే బిడ్డకీ పడవా?" అని భీమవరం నుంచి ఒక పాఠకురాలు అడిగారు. చుట్టూ రొయ్యల చెరువులు పెట్టుకుని రొయ్య పడకపోవడం చిన్న కష్టం కాదు. పైగా బిడ్డకు దురదలొస్తాయని అత్తగారు వంకాయ, గోంగూర కూడా మాన్పించేశారట!

తల్లికి ఎలర్జీ ఉంటే బిడ్డకు ఏదో ఒక ఎలర్జీ వచ్చే అవకాశం కొంత ఎక్కువ. అదే వస్తువుకి రావాలని మాత్రం లేదు. జన్యువుల సంగతి ఇంతటితో వదిలేస్తాను. నాకు ఆసక్తిగా ఉన్నది వేరే: తల్లి రక్తంలోని ఎలర్జీ యాంటీబాడీ మాయను (ప్లాసెంటాను) దాటుతుందా?

ఎలర్జీని ఒకరి నుంచి ఇంకొకరికి ఎక్కించవచ్చని 1921లోనే తేలింది. జర్మనీలో కుస్ట్నర్ అనే డాక్టరుకి చేప పడదు. ఆయన సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) కొద్దిగా తీసి ప్రౌస్నిట్జ్ అనే సహచరుడు తన చర్మంలోకే ఎక్కించుకున్నాడు. మర్నాడు అక్కడే చేప సారం ఎక్కిస్తే దద్దురు లేచింది! ఆ సీరంలో ఉన్నది ఐజీఈ అనే యాంటీబాడీ అని తెలియడానికి 1960ల దాకా పట్టింది.

మరి ఆ ఐజీఈ తల్లి సీరంలో ఉన్నా మామూలుగా బిడ్డకు చేరదు. ఎందుకు? మాయలో తల్లి రక్తం తగిలే పొరని సిన్‌సిషియోట్రోఫోబ్లాస్ట్ అంటారు. కణాలన్నీ కరిగి కలిసిపోయిన పొర అది, మధ్యలో సందులుండవు. యాంటీబాడీ అవతలికి పోవాలంటే బల్లకట్టు ఎక్కాల్సిందే. ఆ బల్లకట్టు ఎఫ్‌సీఆర్ఎన్ అనే ప్రోటీన్. పొర తల్లి రక్తపు ద్రవాన్ని చిన్న చిన్న సంచుల్లోకి తీసుకుంటుంది. సంచిలో ఆమ్లత్వం పెరిగి పీహెచ్ 6 దగ్గరకు రాగానే ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీ తోకలోని హిస్టిడిన్లు అనే అమైనో ఆమ్లాలు ప్రోటాన్లు తగిలించుకుని ధనావేశం పొందుతాయి. ఎఫ్‌సీఆర్ఎన్ దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. అవతలి ఒడ్డున పీహెచ్ 7.4 తగలగానే ఆవేశం పోతుంది, పట్టు వదులుతుంది. సరంగు తెలివంతా ఇంతే! చివరి మూడు నెలల్లో ఈ రవాణా ఎంత జోరుగా సాగుతుందంటే, నెలలు నిండి పుట్టిన బిడ్డ రక్తంలో ఐజీజీ తరచూ తల్లి రక్తంలో కన్నా ఎక్కువే ఉంటుంది. గర్భిణికి ధనుర్వాతం ఇంజెక్షన్ ఇస్తే పుట్టిన బిడ్డకు రక్షణ దొరికేది ఈ బల్లకట్టు వల్లే. బడిలో యాంటీబాడీ అంటే సైనికుడని చెప్పి ఊరుకుంటారు. ఈ ప్రయాణం గురించి కూడా చెబితే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు.

ఐజీఈ తోక వేరు, సరంగు దాన్ని ఎక్కించుకోడు. అందుకే బొడ్డుతాడు రక్తంలో ఐజీఈ అతి తక్కువ. ఎక్కువ కనిపిస్తే ముందు ఐజీఏ అనే మరో రకం యాంటీబాడీని కొలుస్తారు. అది కూడా మాయను దాటదు కాబట్టి, అదీ ఎక్కువుంటే తల్లి రక్తం కలిసిందనే అనుమానం.

ఈ కథకు 2020లో సింగపూర్ శాస్త్రజ్ఞులు ఒక మెలిక పెట్టారు. కొందరిలో ఐజీఈకి అంటుకునే ఐజీజీలు ఉంటాయి. సరంగు ఐజీజీని చూసి ఎక్కించుకుంటాడు, దాని భుజాన ఐజీఈ కూర్చుని ఉంటుంది! ఎలుకల్లో ఇలా దాటిన ఐజీఈ పిండం చర్మంలోని మాస్ట్ కణాల (ఎలర్జీ రసాయనాలు వదిలే కణాలు) మీద స్థిరపడింది. తల్లికి పడని పుప్పొడి మొదటిసారి తగలగానే పిల్లలకు ఎలర్జీ వచ్చింది. ఎఫ్‌సీఆర్ఎన్ లేని ఎలుకల్లో రాలేదు. వచ్చినవాటికీ కొద్ది వారాల్లో తగ్గిపోయింది, అరువు సరుకు కదా! మనిషి పిండపు మాస్ట్ కణాలకు కూడా ఐజీఈ అంటుకుంటుందని ప్రయోగశాలలో చూశారు. కడుపులోని మానవ శిశువుకు దీనివల్ల ఎలర్జీ వస్తుందని అనడానికి మాత్రం అది చాలదు.

కాబట్టి అమ్మా, రొయ్యలు మీ కోసం మానండి. రొయ్యలో తరచూ పడనిది ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్. దాదాపు అలాంటిదే బొద్దింకల్లోనూ, దుమ్ములోని సూక్ష్మమైన పురుగుల్లోనూ ఉంటుంది. మీకు ఆయాసం కూడా ఉంటే పరుపు, దుప్పట్ల దుమ్ము మీద కన్నేయండి, డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్ కడుపుతో ఉన్నానని ఆపకండి. ఊపిరాడకపోతే బిడ్డకీ ఆక్సిజన్ తగ్గుతుంది. వంకాయ, గోంగూర మీకు పడితే నిశ్చింతగా తినండి. తల్లి పథ్యం చేస్తే బిడ్డకు ఎలర్జీ రాదనడానికి ఆధారం లేదని అత్తగారికి చెప్పండి.