ఇయర్‌ఫోన్స్, డీజేలు, గులిమి: చెవుల గురించి అపోహలు - వాస్తవాలు

నేను ఆడియాలజిస్ట్‌ని. వినికిడి పరీక్షలు చేయడం, హియరింగ్ ఎయిడ్స్ అమర్చడం, పిల్లలకు మాటలు ఎందుకు రావట్లేదో చూడటం నా పని. ఇదివరకు మా దగ్గరికి వచ్చేవాళ్లలో పెద్దవాళ్లే ఎక్కువ. ఇప్పుడు ఇంజినీరింగ్ చదివే పిల్లలు, రోజంతా హెడ్‌సెట్ పెట్టుకుని పనిచేసేవాళ్లు, ఊరేగింపులో సౌండ్ బాక్సుల పక్కన నిలబడి వచ్చినవాళ్లు కూడా వస్తున్నారు. వాట్సాప్‌లో చదివిన మాటలనూ వెంట తెస్తున్నారు. వాటిలో కొన్ని వైద్యాన్ని ఆలస్యం చేస్తున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: బ్లూటూత్ ఇయర్‌బడ్స్ రేడియేషన్ వల్ల చెవుడు వస్తుంది, వైరు ఉన్నవైతే ఫర్వాలేదు.

బ్లూటూత్ వాడేది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలు. ఎక్స్‌రేలా కణాల్లోని డీఎన్ఏను తెంచే శక్తి వాటికి లేదు. చెవికి ఆనించి మాట్లాడే ఫోన్‌తో పోల్చినా ఇయర్‌బడ్ వెలువరించేది చాలా తక్కువ. చెవిని దెబ్బతీసేది లోపలికి వెళ్లే శబ్దం. అది వైరులోంచి వచ్చినా, గాల్లోంచి వచ్చినా తేడా లేదు.

చూసుకోవాల్సింది ఎంత గట్టిగా, ఎంతసేపు అన్న రెండే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల దాకా వినొచ్చు. అక్కడి నుంచి 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమైపోతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10, 89 అయితే 5. 101కి చేరేసరికి వారం మొత్తానికీ 20 నిమిషాలు కూడా మిగలవు. 3 డెసిబెల్స్ పెరగడమంటే శబ్ద శక్తి రెట్టింపు కావడం, చెవికి మాత్రం కాస్త పెరిగినట్టే అనిపిస్తుంది. ఫోన్‌లో వాల్యూమ్ చివరిదాకా పెడితే చాలా ఇయర్‌ఫోన్స్ 100 దరిదాపులకు వెళ్తాయి. ఫోన్ హెచ్చరిక చూపిస్తే ఓకే నొక్కేసి ముందుకు వెళ్లకండి.

నాయిస్ క్యాన్సిలింగ్ చెవులకు చెడు అని కూడా అడుగుతుంటారు. బస్సులో, రైల్లో ఇంజిన్ హోరును మించి పాట వినబడాలని అందరం వాల్యూమ్ పెంచుతాం. ఈ ఫీచర్ ఆ హోరును తగ్గిస్తుంది కాబట్టి తక్కువ వాల్యూమ్‌లోనే పాట సరిపోతుంది. కొందరికి చెవి నిండినట్టు అనిపిస్తుంది, దాంతో ప్రమాదమేమీ లేదు. రోడ్డు దాటేటప్పుడు, బండి నడిపేటప్పుడు మాత్రం అసలు ఇయర్‌ఫోన్సే వద్దు.

అపోహ: గాయని అల్కా యాగ్నిక్‌కి హెడ్‌ఫోన్స్ వల్లే చెవుడు వచ్చింది.

2024 జూన్‌లో ఆవిడే ఈ సంగతి బయటపెట్టారు. విమానం దిగాక ఉన్నట్టుండి ఏమీ వినబడలేదని, వైరస్ దాడి వల్ల వచ్చిన నరాల సంబంధమైన వినికిడి లోపమని డాక్టర్లు చెప్పారని రాశారు. అదే సందేశంలో మరీ గట్టిగా పాటలు వినడం, హెడ్‌ఫోన్స్ వాడటం గురించి అభిమానులను హెచ్చరించారు. ఫార్వర్డ్‌లలో ఈ రెండూ కలిసిపోయి ఒకటే అయ్యాయి.

ఈ వార్తలో అందరూ గమనించాల్సింది ‘ఉన్నట్టుండి’ అన్న మాట. రాత్రి బాగానే పడుకుని పొద్దున లేచేసరికి ఒక చెవి మూసుకుపోయినట్టుంటే, ఫోన్ ఆ చెవికి పెట్టుకుంటే మాట వినబడకపోతే, అది ఎమర్జెన్సీ. గుండెనొప్పికి పరిగెత్తినట్టు దీనికి ఎవరూ పరిగెత్తరు. జలుబు చేసిందేమో, గులిమి పేరుకుందేమో అనుకుని చుక్కల మందు వేసుకుంటూ వారాలు గడిపేస్తారు. దీనికి ఇచ్చే స్టెరాయిడ్ మందులు మొదటి కొద్ది రోజుల్లో మొదలుపెడితేనే మేలు. రెండు వారాలు దాటితే అవకాశం బాగా తగ్గిపోతుంది. కొందరికి దానంతట అదే తగ్గుతుంది, నిజమే. కానీ ఆ కొందరిలో మీరు ఉంటారో లేదో ముందుగా చెప్పే పరీక్ష లేదు. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చెవిలో చూసి బాగానే ఉందంటే, ఆడియోగ్రామ్ (వినికిడిని కొలిచే పరీక్ష) తీయమని మీరే అడగండి.

అపోహ: డీజే విన్న రాత్రి చెవులు గుయ్‌మన్నాయి, పొద్దునకి తగ్గిపోయింది, ఇక ఏమీ కాలేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించే అపోహ ఇదే. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో శబ్దాన్ని పట్టుకునే కణాలు ఒక్కో చెవికి సుమారు 15,000 ఉంటాయి. పుట్టేటప్పటికే ఉన్నవి అవి, చనిపోతే మనుషుల్లో మళ్లీ పుట్టవు. చెవులు గుయ్‌మనడం ఆ కణాలు తట్టుకోలేకపోయాయనడానికి గుర్తు. తెల్లారేసరికి వినికిడి మామూలైనా లోపలి నష్టం పూర్తిగా పూడిందని చెప్పలేం. 2009లో కుజావా, లిబర్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలకు గట్టి శబ్దం వినిపించి చూశారు. వాటి వినికిడి మళ్లీ మామూలు స్థాయికి వచ్చింది. కానీ కణాలను నరంతో కలిపే బంధాల్లో, కీచుగా ఉండే సన్నని శబ్దాలు పట్టే చోట, దాదాపు సగం శాశ్వతంగా పోయాయి. మనుషుల్లో ఇది ఎంతవరకు జరుగుతుందన్నది ఇంకా పరిశోధిస్తున్నారు. “రిపోర్టు నార్మల్ అంటున్నారు, ఫంక్షన్ హాల్లో నలుగురి మధ్య మాత్రం మాట అర్థం కావట్లేదు” అని కుర్రాళ్లు చెప్పినప్పుడు నాకు ఈ పరిశోధన గుర్తొస్తుంది.

చట్టం కొత్తదేమీ కాదు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆసుపత్రులు, బడుల చుట్టూ ఉండే సైలెన్స్ జోన్లలో పరిమితి ఇంకా తక్కువ. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. మన పండగ మీద ఆంక్షలేంటని చాలామంది నొచ్చుకున్నారు. నేను ఆ నిర్ణయాన్ని గట్టిగా సమర్థిస్తాను. బాక్సుల ముందు భుజాల మీద కూర్చున్న చంటిపిల్లలను చూస్తే మీరూ అదే అంటారు.

అంతమాత్రాన డప్పు, సన్నాయి, డోలు సురక్షితమని కాదు. వాటి పక్కనే జీవితమంతా గడిపే కళాకారుల చెవులకూ రక్షణ కావాలి, వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. చెవుల్లో దూది పెట్టుకుంటే చాలనుకుంటారు గానీ దూది ఆపేది నామమాత్రమే. మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్‌ను సన్నగా నలిపి, చెవిని పైకి లాగి లోపలికి పెడితే పనిచేస్తుంది. అదీ లేకపోతే దూరం జరగండి. ఆరుబయట దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఇరుకు సందుల్లో గోడలకు తగిలి శబ్దం వెనక్కి వస్తుంది కాబట్టి అంత తగ్గదు.

గులిమి గురించి క్లుప్తంగా. అది మురికి కాదు, చెవి దారిని కాపాడే పూత. ఎక్కువమందిలో తనంతట తానే బయటికి వచ్చేస్తుంది. కాటన్ బడ్స్ దాన్ని లోపలికి నెట్టి గట్టిపరుస్తాయి. కొబ్బరినూనె కాచి పోయడం మానండి, కర్ణభేరికి రంధ్రం ఉంటే అది మధ్య చెవిలోకి దిగుతుంది. పైగా ఆ తడికి ఫంగస్ పట్టి దురద పెట్టి, మళ్లీ పుల్ల పెట్టాలనిపిస్తుంది.

అపోహ: మగపిల్లాడు కదా, మాటలు ఆలస్యంగానే వస్తాయి. మేనమామకీ అంతే.

ఈ మాట వెనకే ఏడాదో రెండేళ్లో పోతాయి. “కంచం పడేస్తే తిరిగి చూస్తాడు, చెవులు బాగానే ఉన్నాయి” అని నానమ్మలు నమ్మకంగా చెబుతారు. పిల్లలు అదురుకీ, నీడకీ, పక్కవాళ్లు ఉలిక్కిపడటానికీ కూడా తిరుగుతారు. మోటు శబ్దాలు వినబడి, ‘స’, ‘శ’ లాంటి సన్నని ధ్వనులు వినబడని పిల్లలూ ఉంటారు. మాట నేర్చుకోవడానికి ఆ సన్నని ధ్వనులు కావాలి.

పుట్టిన కొద్ది రోజుల పిల్లలకు కూడా ఓఏఈ అనే వినికిడి పరీక్ష చేయొచ్చు. నిద్రలో ఉండగా నిమిషాల్లో అయిపోతుంది, నొప్పి ఉండదు. అనుమానం వస్తే, శబ్దానికి వినికిడి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో చూసే బెరా పరీక్ష చేస్తాం. నెల లోపు మొదటి పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు హియరింగ్ ఎయిడ్ గానీ శిక్షణ గానీ మొదలవ్వాలన్నది ప్రపంచమంతా పాటించాలనుకునే పద్ధతి. మేనరికం పెళ్లిళ్లు ఉన్న కుటుంబాల్లో పుట్టు చెవుడు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి వాళ్లు అసలు వాయిదా వేయకూడదు. ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ పరికరానికి లక్షల్లో ఖర్చవుతుందని భయపడి చాలామంది ఆగిపోతారు. ఆరోగ్యశ్రీ, కేంద్రం నడిపే అడిప్ పథకం అర్హత ఉన్న పిల్లలకు ఆ ఖర్చు భరిస్తాయి. సికింద్రాబాద్‌లో వినికిడి లోపాల మీద పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ అడగండి. ఆపరేషన్ ఎంత చిన్న వయసులో జరిగితే మాట అంత బాగా వస్తుంది.

అపోహ: చెవి మిషన్ పెట్టుకుంటే ఉన్న వినికిడి కూడా పోతుంది.

సరిగ్గా సెట్ చేసిన మిషన్ వల్ల వినికిడి పోదు. వయసుతో పాటు సహజంగా తగ్గేదాన్ని మిషన్ ఖాతాలో వేస్తున్నారు. 2024 సెప్టెంబరులో యాపిల్ కంపెనీ ఇయర్‌బడ్స్ ఎయిర్‌పాడ్స్ ప్రో 2 లోని హియరింగ్ ఎయిడ్ సాఫ్ట్‌వేర్‌కు అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అది మంచి పరిణామం, అయితే స్వల్ప, మధ్యస్థ లోపం ఉన్న పెద్దవాళ్లకు మాత్రమే. లోపం తీవ్రంగా ఉన్నవాళ్లకు అది సరిపోదు.

మిషన్ తీసుకోవడానికి వచ్చేటప్పుడు ఇంట్లో రోజూ మాట్లాడే మనిషిని వెంట తెచ్చుకోండి, ఆ గొంతుతోనే పరీక్షించి చూడొచ్చు. పాత రిపోర్టులుంటే తీసుకురండి. కొనేముందు ట్రయల్ అడగండి. మొదటి వారం ఇంట్లోనే రోజుకు కొన్ని గంటలు పెట్టుకోండి. మిక్సీ, ఫ్యాన్, ప్లాస్టిక్ కవర్ల చప్పుడు మొదట్లో చాలా పెద్దగా అనిపిస్తుంది, అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. చిరాకేసి బీరువాలో పెట్టేయకుండా మళ్లీ రండి, సెట్టింగ్ మారుస్తాం.