ఇరవై గుర్రాల బలం, లాగేది ఒక్కటే

అమెరికా ఉత్తరాది రాష్ట్రాల శివారు కాలనీల్లో, జూన్‌లో గడ్డి కోసిన యంత్రమే జనవరిలో వాకిట్లో మంచు ఎగజిమ్ముతూ కనిపిస్తుంది. స్టీరింగు పట్టుకుని కూర్చుని నడిపే ఈ లాన్ మోవర్‌ను అక్కడ లాన్ ట్రాక్టర్ అని కూడా అంటారు. చూడడానికి బుల్లి ట్రాక్టరే. కొన్నిటి ఇంజను 20 హార్స్‌పవర్ దాకా ఉంటుంది. మన పండ్లతోటల్లో చెట్ల వరుసల మధ్య దున్నే మినీ ట్రాక్టర్లదీ ఇంచుమించు అంతే. అలాంటప్పుడు వెనక ఒక నాగలి తగిలించి పెరడంతా దున్నేసుకోవచ్చు కదా అనిపిస్తుంది. తగిలించవచ్చు, దున్నడమే కష్టం.

ఎందుకో చిన్న లెక్క వేసి చూద్దాం. యంత్రం బరువు 220 కిలోలు, నడిపే మనిషి 70 కిలోలు అనుకోండి. అందులో 60 శాతం, అంటే 174 కిలోలు, వెనక చక్రాల మీద పడుతుంది. గడ్డినేల మీద టైరు తనపై ఉన్న బరువులో సగం మేరకు లాగగలదనుకుంటే, జారకుండా దక్కే లాగుడు 87 కిలోలు. మనిషి నడకంత వేగంతో, సెకనుకు ఒక మీటరు చొప్పున లాగితే అది సుమారు 850 వాట్లు. ఒక హార్స్‌పవర్ 746 వాట్లు. ఇరవై గుర్రాల్లో నేలకు అందింది ఒకటీ చిల్లర. ఇంకా గట్టిగా తొక్కితే చక్రం ఉన్నచోటే తిరిగి గడ్డిని పీకేస్తుంది. మినీ ట్రాక్టర్ దున్నుతోందంటే ఆ ఘనతలో ఇంజనుకు ఎంత వాటా ఉందో, దానికి మూడు నాలుగు రెట్లుండే బరువుకూ అంత ఉంది.

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. వందేళ్ల క్రితం పంట కోసి కట్టలు కట్టే బైండర్లు ఉండేవి. వాటి కత్తి, కట్టే యంత్రాంగం అన్నీ నేల మీద దొర్లే పెద్ద ఇనుప చక్రం నుంచి శక్తి తీసుకునేవి. నేల తడిగా ఉంటే ఆ చక్రం దొర్లడం మాని జారేది. కత్తి ఆగిపోయేది, పంట నిలబడే ఉండేది. శక్తిని నేల చుట్టూ తిప్పి తేవడం ఎందుకు, ఇంజను నుంచే నేరుగా ఒక షాఫ్టు తీస్తే సరిపోదా? ఈ ఆలోచనను 1918లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ తన 8-16 ట్రాక్టర్‌తో బజారుకు తెచ్చింది. అదే పీటీవో, అంటే పవర్ టేకాఫ్. నిమిషానికి 540 చుట్లు తిరిగే ఆ షాఫ్టే ఇవాళ మన పొలాల్లో రోటావేటర్‌నూ తిప్పుతోంది.

లాన్ ట్రాక్టర్‌కూ అదే ఉపాయం. లాగే పనిముట్టు బదులు తిరిగే పనిముట్టు పెట్టండి: మట్టి గుల్ల చేసే టిల్లర్, మంచు ఎగజిమ్మే బ్లోయర్. అప్పుడు ఇంజను బలంలో చాలా భాగం చక్రాలను తప్పించుకుని నేరుగా పనికి పోతుంది. టిల్లర్ పళ్లు చక్రాలు తిరిగే దిశలోనే తిరుగుతుంటే మట్టిని వెనక్కి నెడుతూ బండిని ముందుకు తోస్తాయి కూడా. ఇంజను నిమిషానికి 3,600 చుట్లు తిరుగుతుంటే పళ్లకు 200 చాలు. వేగాన్ని పద్దెనిమిదో వంతుకు దించితే, గేర్లలో కొంత పోయినా, తిప్పే బలం దాదాపు అన్ని రెట్లు పెరుగుతుంది.

ఆ శక్తిని మోసుకెళ్లేది సాధారణంగా ఒక రబ్బరు బెల్టు. నాకు ఈ బండి మొత్తంలో అన్నిటికన్నా ముచ్చటైన భాగం అదే. స్తంభానికి తాడు చుట్టి పడవను ఆపినట్టే, బెల్టు కూడా చుట్టు మీద పట్టు సంపాదిస్తుంది. ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, పుల్లీకి సగం చుట్టు తిరిగిన చదును బెల్టులో బిగువు వైపు లాగుడు వదులు వైపు కన్నా రెండున్నర రెట్లకు మించితే జారిపోతుంది. అదే బెల్టు అంచులను ఏటవాలుగా చెక్కి 38 డిగ్రీల గాడిలో కూర్చోబెడితే చీలలా బిగుసుకుంటుంది. ఆ రెండున్నర రెట్లు కాస్తా పద్దెనిమిది అవుతుంది. రాయి అడ్డుపడినప్పుడు మాత్రం బెల్టు జారడమే మంచిది, గేర్లు బతుకుతాయి. మంచు బ్లోయర్లలో ఇదే పనికి ఒక మెత్తని పిన్ను ఉంటుంది, దెబ్బ తగిలితే అది తెగుతుంది. చాలామంది విసుగెత్తి దాని స్థానంలో గట్టి బోల్టు బిగిస్తారు. తర్వాత గేరుపెట్టె కొనుక్కుంటారు.

బెల్టును కలపడానికీ విడదీయడానికీ చాలా బండ్లలో విద్యుత్ క్లచ్ ఉంటుంది. మీట నొక్కగానే కింద టక్‌మని వినిపిస్తుంది. ఇంజను షాఫ్టుతో తిరిగే పళ్లేనికీ, పుల్లీకి బిగించిన రేకుకూ మధ్య పోస్టుకార్డు మందమంత సందు ఉంటుంది. తీగచుట్టలో నాలుగు ఆంపియర్ల కరెంటు పారగానే అయస్కాంతం ఆ సందును మూసేస్తుంది. యాభై వాట్లు వేల వాట్లకు తలుపు తీస్తాయన్నమాట. కరెంటు ఆపితే స్ప్రింగులు రేకును బ్రేకు మీదికి నెట్టేస్తాయి. సీటు కింద ఇంకో స్విచ్చు ఉంటుంది. బ్లేడు తిరుగుతుండగా మనిషి లేస్తే అది ఇంజనునే ఆపేస్తుంది. అటాచ్‌మెంట్ బిగించేటప్పుడు అడ్డంగా ఉందని దాన్ని తీసేయడం కన్నా తెలివితక్కువ పని లేదు. ట్రాక్టర్ పీటీవో షాఫ్టు ఎంత ప్రమాదమో మన రైతులకు తెలిసిందే. 540 చుట్లంటే సెకనుకు తొమ్మిది. ఏడున్నర సెంటీమీటర్ల మందమున్న షాఫ్టు ఒక్క సెకనులో రెండు మీటర్ల పంచెను చుట్టేసుకుంటుంది.

బెల్టు లేకుండా బ్యాటరీ తీగలతోనే నడిపితే? బండి మీద బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ ఇచ్చేది 15 ఆంపియర్లయితే 12 వోల్టుల దగ్గర 180 వాట్లు, పావు హార్స్‌పవర్. మందు కొట్టే పంపుకూ, విత్తనాలు చల్లే డబ్బాకూ అది సరిపోతుంది. 50 కిలోల మంచు తోసే పలకను ఐదు సెకన్లలో 20 సెంటీమీటర్లు ఎత్తడానికి, మోటారులో పోయేది పక్కన పెడితే, 20 వాట్లే చాలు. మట్టి తవ్వడానికి మాత్రం కుదరదు.

1969లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఈ హద్దును మరో దారిలో దాటింది. ఇంజనునే తీసేసి ఎలెక్ ట్రాక్ అనే 36 వోల్టుల ట్రాక్టర్ చేసింది. పనిముట్లకు వాటి మోటార్లు వాటికే, బండి నుంచి వెళ్లేది ఒక తీగ. కొమ్మలు కోసే రంపాన్ని కూడా దానికే తగిలించుకోవచ్చు. చాలా నమూనాల్లో ఆరు సీసపు బ్యాటరీలు, ఒక్కొక్కటి 30 కిలోల దాకా. విద్యుత్ కారుకు అంత బరువు శాపం. ఇక్కడ మాత్రం ఆ 180 కిలోలు టైర్లను నేలకు అదిమిపెట్టే పనికొచ్చాయి.