రాత్రి పిట్టగోడ మీద నడిచి వెళ్లింది ఏ జంతువు?

విజయవాడలో కొండవారగా ఉన్న ఇళ్లలోనూ, గుంటూరులో పాత పెంకుటిళ్లు మిగిలిన వీధుల్లోనూ ఈ కంగారు అప్పుడప్పుడు వస్తూనే ఉంటుంది. అర్ధరాత్రి కుక్కలు ఆగకుండా మొరుగుతాయి, సీసీ కెమెరాలో ఏదో పొడవాటి జంతువు పిట్టగోడ మీదుగా నడిచి చీకట్లోకి వెళ్లిపోతుంది, తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపులో అది చిరుతపులి పిల్ల అయిపోతుంది. కర్రలు కూడా బయటికి వస్తాయి. అక్కడే నాకు భయం, ఎందుకంటే గోడలెక్కి పెరట్లోకి దిగే ఆ జంతువు చాలాసార్లు ఎవరి జోలికీ రాని మానుపిల్లే, అంటే చెట్లెక్కి తిరిగే, పునుగు పిల్లికి దగ్గరి చుట్టమైన చిన్న జంతువు.

గుర్తుపట్టాలంటే ముందు తోక చూడండి, మచ్చల సంగతి తర్వాత. రాత్రిపూట కెమెరా పరారుణ కాంతితో తీస్తుంది కాబట్టి రంగులు తెలియవు, ఒంటి మీది చారలు, మచ్చలు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. తోక మాత్రం వీడియో మసగ్గా ఉన్నా తెలిసిపోతుంది. మానుపిల్లి తోక ఇంచుమించు ఒళ్లంత పొడవు, ఉంగరాలుండవు, చివరికి వెళ్లేకొద్దీ నలుపు. మొహం మీద కళ్ల చుట్టూ ముసుగు వేసినట్టు నల్లగా ఉండి, నుదుటి దగ్గర లేత రంగు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. తోక నిండా నలుపూ తెలుపూ ఉంగరాలుండి, ఒంటి మీద చుక్కలు వరసకట్టి ఉంటే అది పునుగు పిల్లి, తిరుమలలో స్వామి సేవకు వాడే పునుగు తైలం దీనిదే, ఎక్కువగా నేల మీదే తిరుగుతుంది. కాళ్లు పొడుగ్గా, తోక పొట్టిగా ఉంటే అడవిపిల్లి కావచ్చు. ముంగిస పగటిపూట తిరిగేది, అర్ధరాత్రి దాని పేరు తలవక్కర్లేదు.

సైజు విషయంలోనే అందరూ పొరపడతారు. కెమెరాకు దగ్గరగా వచ్చిన పిల్లి కూడా పులంత కనిపిస్తుంది. పొద్దున అదే గోడ మీద, అది నడిచిన చోటే ఒక బకెట్ పెట్టి అదే కెమెరాలో చూసి పోల్చుకోండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది. మానుపిల్లి బరువు 2 నుంచి 5 కిలోలు, అంతే.

టార్చి వేస్తే కళ్లు నిప్పుల్లా వెలిగాయని చాలామంది హడలిపోతారు. ఇలాంటి జంతువుల కంట్లో వెలుతురును గ్రహించే రెటీనా వెనుక, కాంతిని తిప్పికొట్టే పొర ఒకటుంటుంది, టపీటం లూసిడమ్ అంటారు, కంట్లోకి వచ్చిన కాస్త వెలుతురును రెటీనాకు రెండోసారి అందిస్తుంది. మన కళ్లకు అది లేదు, పెంపుడు పిల్లికీ ఆవుకీ ఉంది. వెలుగు పడే కోణాన్ని బట్టి ఆ మెరుపు రంగు మారుతుంది, కాబట్టి కళ్ల రంగు చూసి జంతువేదో తేల్చేయకండి.

తెల్లారాక పెరడంతా ఒకసారి తిరగండి. తడి మట్టిలో అయిదు వేళ్ల ముద్ర ఉంటే మానుపిల్లి వైపు మొగ్గొచ్చు, కుక్క, పిల్లి అడుగుల్లో నాలుగే పడతాయి. ఇంకా గట్టి ఆధారం గోడ మీద దొరుకుతుంది. సపోటా గింజలో, ఈత గింజలో నమలకుండా మింగినవి మింగినట్టే మలంలో కనిపిస్తాయి. పండ్లంటే దానికి ప్రాణం, తాటిచెట్టెక్కి కల్లు కుండలో మూతి పెట్టడం కూడా దానికి అలవాటే. అలా గింజల్ని దూరదూరాలకు చేర్చి, ఎలుకల్నీ తినే జంతువును కొట్టి చంపడం నాకు అస్సలు మింగుడుపడదు. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

దాన్ని మూలకి తరమకండి, దారి వదిలితే వెళ్లిపోతుంది. చేత్తో పట్టుకోబోతే కరుస్తుంది, కరిస్తే గాయాన్ని సబ్బుతో బాగా కడిగి వెంటనే రేబిస్ టీకాకు వెళ్లాలి. అటక మీద పిల్లలు పెట్టి ఉంటే మాత్రం కన్నం మూసేయకండి, తల్లి బయట, పిల్లలు లోపల ఉండిపోతాయి. అవి పెరిగి వెళ్లిపోయాక, లోపల ఏమీ లేవని చూసుకుని, అప్పుడు ఇనుప జాలీ కొట్టించుకోండి.