పదహారేళ్ల కథకు పద్దెనిమిదేళ్ల గేటు

ఇంటర్ ఫస్టియర్ కుర్రాడు. ఇంట్లో ముక్తసరిగా మాట్లాడతాడు, హాస్టల్లో అదీ ఉండదు. ఈ ఒంటరితనం మీద హైదరాబాద్‌లో ఎవరైనా సినిమా తీస్తే ముందుగా ఎదురయ్యే ప్రశ్న: సెన్సార్ ఏ ముద్ర వేస్తుంది? 'ఎ' పడితే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లో ఆ వయసువాడికి ప్రవేశం లేదు. తన కథే, తను మాత్రం గేటు బయట.

చిక్కు పాతదే. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద చాలాకాలం మామూలు సినిమాకు రెండే ముద్రలు: అందరికీ 'యు', పెద్దలకు 'ఎ'. 1983లో 'యుఎ' వచ్చింది. అది చెప్పిందల్లా పన్నెండేళ్ల లోపు పిల్లల విషయంలో పెద్దలు చూసుకోమని. పదమూడు నుంచి పదిహేడు దాకా ఉన్న ఐదేళ్లకు సొంత గడి లేదు.

'ఎ' సినిమాను ఉన్నదున్నట్టు టీవీలో వెయ్యకూడదు కాబట్టి శాటిలైట్ బేరం పోతుంది. చిన్న నిర్మాతకు అది ప్రాణం. అందుకే 'యుఎ' కోసం కత్తెరకు తలొగ్గుతారు. పోయేవి నోటికొచ్చిన తిట్లు, మత్తు, గోడ దూకిన రాత్రులు. వాడి లోపలి గొడవ బయటపడేది సరిగ్గా అక్కడే. మిగిలేది ప్రేమకథ. మన తెరమీద టీనేజ్ అంటే ప్రేమే కావడానికి ఇదీ ఒక కారణం.

కట్ కాకున్నా దెబ్బ తగిలే చోట్లున్నాయి. మేడమీద వాడొక్కడే సిగరెట్ వెలిగించాడు, మాటల్లేవు, మ్యూజిక్ లేదు. ఫ్రేము అడుగున మాత్రం హెచ్చరిక అక్షరాలు, సిగరెట్ కనిపించినంతసేపూ. నిబంధన సబబే, కానీ చూసేవాడి కన్ను ముఖం మీద నిలవదు.

హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయంలో సినిమా చూసేది ఎగ్జామినింగ్ కమిటీ: ఒక అధికారి, నలుగురు సలహా సభ్యులు. వాళ్ల మాట నిర్మాతకు నచ్చకపోతే, సినిమాను మళ్లీ చూసే రివైజింగ్ కమిటీ. ఆపైన ఉండే అప్పిలేట్ ట్రిబ్యునల్‌ను 2021లో ఎత్తేశారు, ఇక హైకోర్టే. రిలీజ్ డేట్ వేసుకున్నవాడు కోర్టుదాకా పోడు, చెప్పిన కట్స్ ఒప్పుకుంటాడు.

2023 సవరణ, 2024 నిబంధనలతో 'యుఎ' మూడు ముక్కలైంది: 7+, 13+, 16+. ఈ అంకెలు తల్లిదండ్రులకే. వాటిని చూపి థియేటర్ వాళ్లు ఎవర్నీ ఆపలేరు. కాబట్టి 16+ కీ 'ఎ'కీ మధ్య తేడా చిన్నది కాదు. దరఖాస్తుకు ముందే, ఏ సీన్ వల్ల సినిమా ఆ గీత దాటుతుందో ఎడిటింగ్ టేబుల్ దగ్గర చూసుకోవాలి.

నటుల లెక్క వేరు. పద్నాలుగేళ్ల లోపు వాళ్లయితే బాలకార్మిక చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం పని రోజుకు ఐదు గంటలు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు, జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి, పారితోషికంలో కనీసం 20 శాతం పిల్లల పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలి. పదహారేళ్ల వాడికి ఈ నిబంధనలు వర్తించవు. అయినా ఆ పాత్రకు పాతికేళ్ల వాణ్ణి తెచ్చి మీసం తీసేస్తారు. క్లోజప్‌లో మెడ, దవడ వయసు చెప్పేస్తాయి.