ప్రాగ్‌లో రెండు మూడు రోజులు: అపోహలు - వాస్తవాలు

జర్మనీలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు వేసవికి అమ్మానాన్నలను పిలిపించుకుంటారు. వాళ్లు వచ్చిన రెండో వారానికల్లా నాకు ఫోన్ వస్తుంది. "ఈ వీకెండ్ ప్రాగ్ తీసుకెళ్దామనుకుంటున్నాం, ప్లాన్ చేసి పెట్టరా?" ప్రాగ్ అంటే పక్కనున్న చెక్ రిపబ్లిక్ రాజధాని. డ్రెస్డెన్ నుంచి రైల్లో రెండున్నర గంటలు, బెర్లిన్ నుంచి నాలుగు గంటల పైన. ఇలాంటి చిన్న ట్రిప్పులు ప్లాన్ చేయడమే నా పని. ఊరు మారినా, ఇల్లు మారినా అడిగే ప్రశ్నలు, ముందే పెట్టుకున్న నమ్మకాలు దాదాపు అవే. వాటి వల్ల డబ్బు కంటే ఎక్కువగా సమయం పోతుంది. ఉన్నదే రెండు రోజులైనప్పుడు అది చాలా పెద్ద నష్టం.

అపోహ: ప్రాగ్‌కు ఒక్క రోజు చాలు. నాలుగు రోజులుంటే వియన్నా, బుడాపెస్ట్ కూడా చుట్టేయొచ్చు.

పాత ఊరు చిన్నదే, కాదనను. పౌడర్ టవర్ దగ్గర బయలుదేరి ఓల్డ్ టౌన్ స్క్వేర్ మీదుగా చార్లెస్ బ్రిడ్జి దాకా ఆగకుండా నడిస్తే ఇరవై నిమిషాలు కూడా పట్టదు. దూరం తక్కువ కాబట్టి టైమ్ కూడా తక్కువే చాలనుకోవడం దగ్గరే లెక్క తప్పుతోంది. ప్రాగ్ నుంచి వియన్నాకు రైల్లో నాలుగు గంటలు. దానికి ముందు సామాను సర్దుకోవడం, రూమ్ ఖాళీ చేయడం, స్టేషన్‌కు పరుగు, అక్కడ దిగాక మళ్లీ రూమ్ వెతుక్కోవడం కలిపితే ఊరు మారిన ప్రతిసారీ ఒక పగలు పోయినట్టే. అరవై దాటిన అమ్మానాన్నలతో అయితే మర్నాడు పొద్దుట కూడా పోతుంది.

అందుకే నేను ప్లాన్ వేసేటప్పుడు చూడాల్సిన చోట్ల లిస్టు కాకుండా వేళల లిస్టు రాస్తాను. చార్లెస్ బ్రిడ్జినే తీసుకోండి. నాలుగో చార్లెస్ చక్రవర్తి 1357లో దానికి పునాది రాయి వేశాడు. మన చార్మినార్ కంటే 234 ఏళ్లు పెద్దది. పొడవు 516 మీటర్లు, వెడల్పు పది మీటర్ల లోపే, రెండు పక్కలా కలిపి 30 విగ్రహాలు. పగలు పదకొండింటికి వెళ్తే జాతరలో నడిచినట్టు ముందువాళ్ల వీపులు చూస్తూ దాటాలి. అదే జూన్‌లో తెల్లవారి ఐదున్నరకు వెళ్లండి. అప్పటికే వెలుగొచ్చేసి ఉంటుంది, మనుషులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. కాస్త ఎగువన నదికి అడ్డంగా ఉన్న చిన్న ఆనకట్ట మీంచి నీళ్లు జారే చప్పుడు వంతెన మీదికి వినిపిస్తుంది.

ఒకసారి గుంటూరు నుంచి వచ్చిన ఒక ఆంటీ, అంకుల్‌తో అలా పొద్దున్నే వెళ్లాను. వంతెన మధ్య దాటాక సెయింట్ జాన్ ఆఫ్ నెపోముక్ అనే క్రైస్తవ మతగురువు విగ్రహం ఉంటుంది, 1683 నాటిది. ఆయన్ని 1393లో నదిలోకి తోసి చంపారు. విగ్రహం పీఠానికున్న కంచు పలక మీద ఆ దృశ్యమే చెక్కి ఉంటుంది. పలకంతా నల్లగా ఉన్నా, జనం చేతులు తగిలి తగిలి ఆ బొమ్మ ఒక్కటీ బంగారంలా మెరుస్తుంది. ఎవరూ చెప్పకుండానే ఆంటీ కొంగు సర్దుకుని, ఆ మెరిసేచోట చెయ్యి ఆనించి కళ్లకద్దుకున్నారు. "ఎంతమంది తాకితే ఇలా అయిందో కదమ్మా" అన్నారు. పదకొండింటి రద్దీలో ఆ పలక దగ్గర అలా నిలబడడానికి చోటే దొరకదు. అందుకే నా ప్రతి ప్లాన్‌లోనూ ఒక పొద్దుట వంతెనకే ఉంటుంది.

అపోహ: ఓల్డ్ టౌన్ హాల్ గోడకున్న ఖగోళ గడియారం దగ్గర ప్రతి గంటకూ పెద్ద షో ఉంటుంది, ముందే వెళ్లి చోటు పట్టుకోవాలి.

పొద్దున తొమ్మిది నుంచి రాత్రి పదకొండు దాకా ప్రతి గంటకూ బొమ్మలు కదులుతాయి, నిజమే. కిటికీల్లోంచి అపొస్తలులు, అంటే యేసు శిష్యుల బొమ్మలు వెళ్తాయి, అస్థిపంజరం తాడు లాగి గంట మోగిస్తుంది, చివర బంగారు కోడి కూస్తుంది. మొత్తం నిమిషం లోపే అయిపోతుంది. దానికోసం అరగంట ఎండలో నిలబడ్డవాళ్లు "ఇంతేనా" అనడం చాలాసార్లు విన్నాను. వాళ్లు గడియారం ముఖాన్ని చూడకుండానే వెళ్లిపోతారన్నది నా బాధ. 1410 నాటి ఆ ముఖం మీద పన్నెండు రాశుల చక్రం ఉంది. సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో, చంద్రుడు ఎక్కడున్నాడో ఇవాళ్టికీ చూపిస్తుంది. పంచాంగం చూసే అలవాటున్న మనవాళ్లకు దాన్ని చదవడం కష్టమేమీ కాదు. ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. అక్కడిది సాయన పద్ధతి (రాశులను వసంత విషువత్తు నుంచి లెక్కిస్తారు), మనది నిరయనం (నక్షత్రాలను బట్టి లెక్కిస్తారు). అందుకే జూన్ మొదటి వారంలో మన పంచాంగంలో సూర్యుడు ఇంకా వృషభంలో ఉంటే ఆ గడియారం మీద మిథునంలో కనిపిస్తాడు. తీరిగ్గా చూడాలంటే గంట కొట్టాక పది నిమిషాలు ఆగి వెళ్లండి, ముందు గుంపు చెదిరిపోతుంది.

హనుష్ అనే పనివాడు దీన్ని చేశాడని, ఇంకెక్కడా చేయకుండా అతని కళ్లు పొడిపించారని చెప్పే కథ కట్టుకథే. చేసింది కడాన్ ఊరికి చెందిన మికులాష్.

అపోహ: మధ్యయుగపు ఊరంటే కంటికి కనిపించేదంతా మధ్యయుగపుదే.

ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కాస్త ఓపిగ్గా చదవండి. పాత ఊళ్లో వీధుల వంపులు మధ్యయుగానివే. కానీ ఇళ్ల ముందు గోడల్లో చాలావాటికి తర్వాతి శతాబ్దాల్లో బరోక్ అనే, అలంకారాలు ఎక్కువుండే శైలి రూపం వచ్చింది. వంతెన మీది విగ్రహాల్లో ఎక్కువ భాగం 1700కు అటూ ఇటూ చేసినవి. వాటిలోనూ చాలావరకు ఇప్పుడున్నవి నకళ్లు, అసలువి మ్యూజియానికి తరలించారు. కొండ మీది ప్రాగ్ కోటలోని పెద్ద చర్చి సెయింట్ వైటస్ కెథడ్రల్ 1344లో మొదలై 1929లో పూర్తయింది. మరి అసలైన పాత ఊరు ఎక్కడుంది? కాళ్ల కింద ఉంది. వల్టావా నదికి వరదలొచ్చి ఇళ్లు మునుగుతుంటే 13వ శతాబ్దంలో వీధుల మట్టాన్నే మట్టి పోసి ఎత్తు చేశారు. దాంతో అంతకుముందు ఇళ్లకు కింది అంతస్తుగా ఉన్న గదులు నేలమాళిగలైపోయాయి. ఓల్డ్ టౌన్ హాల్ లోపల టూర్ తీసుకుంటే అలాంటి గదుల్లోకి దిగొచ్చు. ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటాయి. ఆ గోడ పక్కన నిలబడి, ఒకప్పుడు ఇక్కడ వీధి ఈ ఎత్తులోనే ఉండేదని పిల్లలకు చెప్పండి, ఊరి చరిత్ర వెంటనే అర్థమవుతుంది. బయటికొచ్చాక ఆ టౌన్ హాల్ పక్కనే నేల మీద 27 తెల్లటి శిలువలు కనిపిస్తాయి. చక్రవర్తి మీద తిరగబడినందుకు 1621 జూన్ 21న అక్కడ ఉరితీసిన, తలలు నరికిన 27 మంది గుర్తుగా పరిచినవి. చూడకుండా తొక్కుకుంటూ పోయేవాళ్లే ఎక్కువ.

పేరు చూసి "న్యూ టౌన్"ను వదిలేయకండి. ఆ కొత్త ఊరు పుట్టింది 1348లో.

అపోహ: కోట ఎక్కాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల వల్ల కాదు.

22 నంబరు ట్రామ్ ఎక్కి "ప్రాజ్‌స్కీ హ్రాడ్" స్టాప్‌లో దిగండి. అక్కడి నుంచి కోట గేటుకు దాదాపు సమతలంగా నడక. చూడడమయ్యాక వచ్చేటప్పుడు మాత్రం నెరుదొవా వీధి మీదుగా మెల్లగా దిగొచ్చు, వద్దనుకుంటే మళ్లీ ట్రామే. ప్రాంగణాల్లో తిరగడానికి టికెట్ అక్కర్లేదు. కెథడ్రల్ లోపల, పాత రాజభవనం, చిన్న చిన్న ఇళ్ల వీధి గోల్డెన్ లేన్ చూడాలంటేనే టికెట్. వీధులన్నీ రాళ్లు పరిచినవి కాబట్టి పెద్దవాళ్లకు చెప్పుల బదులు మెత్తటి షూ తప్పనిసరి.

అపోహ: శనివారం అన్నీ తెరిచే ఉంటాయి.

యూదుల పాత పేట యోసెఫోవ్ శనివారం మూసేస్తారు. సినగాగ్‌లు (యూదుల ప్రార్థనా మందిరాలు), పాత శ్మశానం, అన్నీ. అక్కడి ఓల్డ్-న్యూ సినగాగ్ 1270 ప్రాంతంలో కట్టింది. శనివారం మీద పెట్టుకుని వెళ్లి తలుపు చూసి వెనక్కొచ్చిన కుటుంబాలు ఎన్నో. దాన్ని ఆదివారానికి మార్చుకోండి. సోమవారం ఉంటున్నట్టయితే, నేషనల్ గ్యాలరీ ఆ రోజు సెలవు.

అపోహ: యూరప్ అంటే యూరోలే.

చెక్ రిపబ్లిక్ 2004 నుంచి ఈయూలో ఉన్నా డబ్బు మాత్రం కొరూనా. కొన్ని షాపుల్లో యూరోలు తీసుకుంటారు, రేటు వాళ్లది. ఒక కుటుంబం రద్దీ వీధిలో "కమీషన్ లేదు" అన్న బోర్డు చూసి 200 యూరోలు మార్చింది. పెద్ద అంకెల్లో రాసింది వాళ్లు యూరోలు అమ్మే రేటు. మన దగ్గర యూరోలు కొనే రేటు చాలా తక్కువ. ఆ ఇంటి అంకుల్ రసీదు ఫొటో పంపితే చూసి, వెంటనే వెనక్కి వెళ్లమన్నాను. 2019 నుంచి అక్కడ చట్టం ఉంది. 1000 యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోగా రద్దు చేసుకోవచ్చు. రసీదు చూపించి అడిగితే మొత్తం తిరిగిచ్చారు. అసలు కార్డు దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది, ట్రామ్‌లో కూడా. ఏటీఎం "మీ కరెన్సీలోకి మార్చమంటారా" అని అడిగితే వద్దని చెప్పి కొరూనాలోనే తీసుకోండి. కాగితం టికెట్ కొంటే ఎక్కగానే పసుపు డబ్బాలో ముద్ర వేయించాలి. వేయించకపోతే టికెట్ ఉన్నా జరిమానా తప్పదు.

అపోహ: శాకాహారులు పస్తులుండాలి.

అక్కర్లేదు. పూర్తి శాకాహార ఇండియన్ హోటళ్లే ఉన్నాయి. అక్కడి తిండి రుచి చూడాలనుకుంటే బంగాళాదుంప ముక్కలతో ఇచ్చే వేపిన చీజ్ "స్మజెనీ సిర్", పళ్లు పెట్టి చేసే "ఒవొత్సనే క్నెడ్లీకీ" బాగుంటాయి. సూపుల్లో మాత్రం మాంసం ఉందేమో అడిగి తేల్చుకోండి. వీధి వీధినా అమ్మే, కర్రకు పిండి చుట్టి కాల్చే తీపి వంటకం త్ర్‌దెల్నీక్‌ను ప్రాగ్ సంప్రదాయ వంటకం అంటారు. దానికి పేరున్న ఊరు స్లొవాకియాలోని స్కాలిత్సా. పిల్లలకు నచ్చుతుంది, కొనిపెట్టండి.

అపోహ: సింగిల్ ఎంట్రీ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు జర్మనీ దాటితే మళ్లీ రానివ్వరు.

ఈ టెన్షన్‌తో ట్రిప్ మానుకున్నవాళ్లున్నారు. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలను షెంగెన్ దేశాలంటారు, జర్మనీ, చెక్ రిపబ్లిక్ రెండూ అందులోవే. వాటన్నిటికీ కలిపి ఎంట్రీ ఒక్కటే లెక్క. ప్రాగ్ వెళ్లి డ్రెస్డెన్ తిరిగొస్తే అది రెండో ఎంట్రీ కాదు. అయితే "షెంగెన్ లోపలే కదా" అని పాస్‌పోర్టులు ఇంట్లో వదిలేయడం దీనికంటే పెద్ద తప్పు. వీసా పాస్‌పోర్టులోనే ఉంటుంది. జర్మనీలో చదివే పిల్లలకు కూడా రెసిడెన్స్ కార్డు ఒక్కటే చాలదు, పాస్‌పోర్టు వెంట ఉండాలి. తిరుగు ప్రయాణంలో సరిహద్దు దగ్గర జర్మన్ పోలీసులు రైలెక్కి అడగొచ్చు. పాస్‌పోర్టులు చేతి సంచిలో పైనే పెట్టుకుని, ప్రాగ్‌లో ఎక్కేటప్పుడు కుడివైపు కిటికీ సీట్లు చూసుకోండి. డెచిన్ దాటాక రైలు చాలాసేపు ఎల్బే నది ఒడ్డునే వెళ్తుంది, ఆ కొండలూ నీళ్లూ అన్నీ అటువైపే.